ముక్కు లోపల పుండుకి ఏ ఆయింట్‌మెంట్? మందుల షాపు కౌంటర్ వెనక నుంచి జవాబు

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను. కొండాపూర్‌లో నైట్ షిఫ్ట్, రాత్రంతా ఏసీ, పొద్దున్నే బైక్ మీద మియాపూర్‌లో ఇంటికి. కుడి ముక్కు లోపల 3 వారాలుగా పుండు. రోజూ లేవగానే పక్కు కట్టి ఉంటుంది, గోటితో తీస్తే చుక్క రక్తం, సాయంత్రానికి మళ్లీ పక్కు. ముందు ఇంట్లో ఉన్న తామర క్రీమ్ రాశారు. అది పని చేయలేదని ముక్కు దిబ్బడకి వేసుకునే చుక్కలు మొదలుపెట్టారు. ఎలర్జీకి డాక్టర్ ఇచ్చిన స్టెరాయిడ్ స్ప్రే ఏడాదిగా నడుస్తూనే ఉంది. అమ్మగారేమో నెయ్యి రాయమంటున్నారు. "ఏ ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతుందో పేరు చెప్పండి చాలు" అన్నారు.

నేను డాక్టర్‌ని కాదు, ఫార్మసిస్ట్‌ని. చిక్కడపల్లిలో 26 ఏళ్లుగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ముక్కు పట్టుకుని "భయ్యా, లోపల పుండు, ఏదైనా మలాం ఇవ్వు" అంటూ వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఏప్రిల్, మే నెలల్లో మరీ ఎక్కువ. వాళ్లకి చెప్పేదే మీకూ చెప్తున్నాను. ఏం రాయాలన్నది తర్వాత. ఇప్పటిదాకా ముక్కులో పెడుతున్నవాటిలో ఏది ఆపాలో ముందు చూద్దాం. మీ పుండుని మాననివ్వనిది మీ మందులే అని నా అనుమానం.

ముక్కు లోపల మొదటి సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఉండేది మామూలు చర్మమే. వెంట్రుకలు మొలిచే చోటు అది. అది దాటగానే తడిగా, ఎర్రగా ఉండే పొర మొదలవుతుంది, బుగ్గ లోపల ఉన్నట్టు. రెండు రంధ్రాల మధ్య గోడని దూలం అంటాం కదా, దాని ముందు భాగంలో నాలుగైదు రక్తనాళాలు వచ్చి వలలా కలుస్తాయి. డాక్టర్లు లిటిల్స్ ఏరియా అంటారు. ముక్కు నుంచి రక్తం కారే కేసుల్లో పదింటికి తొమ్మిది అక్కడివే. వేలు పెడితే తగిలేది ఆ చోటే. స్ప్రే తిన్నగా కొడితే పడేదీ ఆ చోటే. ఏసీ గాలికి ముందుగా ఎండిపోయేదీ అదే.

దూలం ముందు భాగం గట్టి ఎముక కాదు, చెవి డొప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిది. దానికి సొంత రక్తనాళాలు ఉండవు. రెండు వైపులా అంటుకుని ఉన్న పొరలే దానికి తిండి పెడతాయి. ఒక వైపు పొర దెబ్బతింటే రెండో వైపు పొర ఆదుకుంటుంది. ఒకే చోట రెండు వైపులా పోయిందంటే లోపలి మెత్తటి ఎముక చచ్చిపోయి చిల్లు పడుతుంది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. రక్తం ఆపడానికి సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చే డాక్టర్లు కూడా ఒకే విడతలో రెండు వైపులా కాల్చకుండా జాగ్రత్తపడేది ఇందుకే. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. రోజూ పొద్దున్న మీ గోరు వెళ్లేది ఎంత పల్చటి చోటికో తెలియాలని చెప్తున్నాను.

ఇప్పుడు మీ స్ప్రే సంగతి. మీరు కుడిచేతి వాటం అనుకుంటాను. కుడి చేత్తో సీసా పట్టుకుని కుడి రంధ్రంలో పెట్టి చూడండి, కొన సహజంగా లోపలి వైపుకి, అంటే దూలం మీదకి తిరుగుతుంది. ఏడాదిగా రోజూ ఒకే చోట మందు తగులుతోంది. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్ప్రేలు సరిగా వాడితే మంచి మందులే, కానీ స్టెరాయిడ్ ఎక్కడ పడితే అక్కడ పుండు మానడం నెమ్మదిస్తుంది. దూలం మీద పుండు ఉన్నప్పుడు, ముక్కుకి ఆపరేషన్ అయినప్పుడు మానేదాకా వాడొద్దని ఆ స్ప్రేల డబ్బాలో ఉండే కాగితం మీదే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు చెప్పండి, డబ్బా తెరవగానే పారేసేది ఆ కాగితాన్నే. స్ప్రే రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, పుండు ఉందని చెప్పి, కొన్నాళ్లు ఆపొచ్చా అని అడగండి. ఆస్తమాకి నోటితో పీల్చే ఇన్‌హేలర్‌తో మాత్రం దీన్ని కలపకండి, దాన్ని సొంతంగా ఆపకూడదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోండి. కొన చెవి వైపు చూడాలి. తల కొద్దిగా ముందుకి వంచాలి, గట్టిగా ఎగపీల్చకూడదు.

దిబ్బడ చుక్కలు ఈ రోజే ఆపేయండి. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ రక్తనాళాలని బిగించి ముక్కుని తెరుస్తాయి. బిగిస్తే ఆ చోటికి రక్తం తగ్గుతుంది, పొర ఎండుతుంది. పుండు మానడానికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పైగా నాలుగైదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు వేసుకోవాల్సి వస్తుంది. మా షాపులో ఒక పెద్దాయన 3 ఏళ్లు అలా వాడారు. సినిమాకెళ్లినా జేబులో సీసా ఉండాల్సిందే.

తామర క్రీమ్ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మన దగ్గర ఇంటింటా ఉండే ఆ ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్ లాంటి బలమైన స్టెరాయిడ్, నియోమైసిన్ లేదా జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్, పైన ఫంగస్ మందు, మూడూ కలిపి ఉంటాయి. రాయగానే ఎరుపు, దురద తగ్గుతాయి. అది మానడం కాదు, స్టెరాయిడ్ మంటని కప్పిపెట్టడం. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే దుప్పటి కింద పెరుగుతుంది, పొర పల్చబడుతుంది. నియోమైసిన్ కొందరికి ఎలర్జీ తెస్తుంది. ముక్కు వాచి, దురద పెరిగి, పుండు ఎక్కువైందనుకుని వాళ్లు ఇంకా మందంగా రాస్తారు. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో చర్మానికి రాసే స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అయినా ఏ గల్లీలోకి వెళ్లి అడిగినా ఇస్తారు. మా వృత్తివాళ్ల తప్పు అది, ఒప్పుకుంటున్నాను. డాక్టర్ ముక్కు లోపల చూసి స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ కొద్దిరోజులకి రాస్తే అది వేరే సంగతి.

మీరు అడిగిన పేరు దగ్గరికి వద్దాం. ముపిరోసిన్. ముక్కు లోపలి ఇన్‌ఫెక్షన్‌కి డాక్టర్లు ఎక్కువగా రాసేది ఇదే. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బ్యాక్టీరియా తయారుచేసే పదార్థం ఇది. ముక్కులో కాపురముండే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే ఇంకో బ్యాక్టీరియాని ఆపుతుంది. ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని ప్రొటీన్ అల్లుకోవడం ఆ బ్యాక్టీరియాకి కుదరకుండా చేస్తుంది, అల్లిక ఆగితే అది పెరగలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా దాదాపు 30 శాతం మంది ముక్కులో ఈ స్టాఫ్ ఉంటుంది. వెంట్రుక పీకినా, వేలు పెట్టినా, పక్కు లాగినా లోపలికి దారి దొరుకుతుంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. షాపు పెట్టిన కొత్తల్లో ఒక ఆటో అన్న వచ్చి ముక్కులో పుండు అన్నాడు. నేను 2 శాతం ముపిరోసిన్ ట్యూబ్ తీసి ఇచ్చి, రోజుకి రెండుసార్లు లోపల రాయమన్నాను. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తకముందే వచ్చి నిలబడ్డాడు, కళ్ల నిండా నీళ్లు. "సార్, మీరిచ్చింది మలామా, మిరపకాయ పచ్చడా?" అన్నాడు. ఇయర్‌బడ్ నిండా తీసుకుని, వెళ్లినంత లోపలికి తోసి తిప్పాడట. ట్యూబ్ తిప్పి సన్న అక్షరాలు అప్పుడు చదివాను. ఆయింట్‌మెంట్ బేస్, అంటే మందుని కలిపిన ముద్ద, పాలిఇథిలీన్ గ్లైకాల్.

చర్మం మీద ఆ బేస్‌తో ఇబ్బంది లేదు, నీళ్లతో కడిగితే పోతుంది కూడా. ముక్కు లోపలి తడి పొర మీద మాత్రం అది నీటిని లాగేస్తుంది, చురుక్కుమని మండుతుంది. అందుకే ముక్కు కోసం తయారుచేసిన ముపిరోసిన్ వేరేగా ఉంటుంది. అందులో ముపిరోసిన్ కాల్షియం ఉప్పు రూపంలో, మెత్తటి తెల్ల పారఫిన్ బేస్‌లో ఉంటుంది. మందు ఒకటే, మోసే బండి వేరు. మన షాపుల్లో సులువుగా చేతికొచ్చేది చర్మానికి రాసే రకమే. కాబట్టి డాక్టర్ ముపిరోసిన్ రాస్తే "ముక్కు లోపలికి వాడేదేనా?" అని అక్కడే అడగండి. కొనేటప్పుడు ట్యూబ్ మీద బేస్ ఏమిటో చదివి చూపించమనండి. విసుక్కుంటే ఇంకో షాపుకి వెళ్లండి, హైదరాబాద్‌లో మందుల షాపులకి కరువా?

రాసే పద్ధతిలో కూడా సగం వైద్యం ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. అగ్గిపుల్ల తలంత మందు చిటికెన వేలి కొన మీద తీసుకోండి, అంతకంటే వద్దు. వేలు లోపలికి పెట్టకుండా రంధ్రం అంచు లోపల అంటించి, ముక్కు రెక్కల్ని బయటి నుంచి నొక్కి వదులుతూ కాసేపు మెల్లగా మర్దన చేయండి. మందు తనంతట తాను లోపలికి పాకుతుంది. ఇయర్‌బడ్ వద్దు, దూది పోగులు పక్కుకి అతుక్కుంటాయి. ట్యూబ్ మూతిని ముక్కుకి తాకించొద్దు, ఇంట్లో ఇద్దరు ఒకే ట్యూబ్ వాడొద్దు. సాధారణంగా రోజుకి రెండుసార్లు, 5 నుంచి 7 రోజులు రాస్తారు. తగ్గిందని మధ్యలో ఆపి, మళ్లీ వచ్చిందని పాత ట్యూబ్ తీసి, ఇలా నెలల తరబడి అప్పుడప్పుడూ రాస్తే స్టాఫ్ ఆ మందుకి అలవాటుపడిపోతుంది.

ఫ్యూసిడిక్ యాసిడ్ కూడా ఇదే స్టాఫ్ మీద పనిచేస్తుంది, దాని బాధా ఇదే, ఎక్కువ రోజులు వాడితే పదును పోతుంది. బ్రిటన్‌లో క్లోర్‌హెక్సిడిన్, నియోమైసిన్ కలిపిన ముక్కు క్రీమ్ వాడతారు, రోజుకి 4 సార్లు, 10 రోజులు. చాలా ఏళ్లు దాని తయారీలో వేరుశనగ నూనె ఉండేది, పల్లీలు పడనివాళ్లు వాడకూడదని హెచ్చరిక కూడా ఉండేది. మందు పేరు చూసి కొని, అడుగున ఏముందో చూడకపోతే ఎక్కడైనా ఇదే తంటా.

అయితే మీకు అసలు యాంటీబయోటిక్ కావాలా? ఫోన్ టార్చ్, అద్దం పెట్టుకుని చూడండి. వెంట్రుకలున్న చోట ఎర్రగా వాచి, ముట్టుకుంటే ముక్కు కొన నొప్పిగా ఉండి, పసుపు పక్కు, చీము కనిపిస్తే అది వెంట్రుక కుదుళ్ల ఇన్‌ఫెక్షన్, ముపిరోసిన్ పనికొచ్చేది అక్కడ. చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి మండుతుంటే హెర్పిస్ అనే వైరస్ జబ్బు అయ్యుండొచ్చు, దానికి ఈ ఆయింట్‌మెంట్ దండగ. అలా కాకుండా దూలం మీద పొడి పక్కు, తీస్తే రక్తం, నొప్పి పెద్దగా లేదు అంటే ఎండిపోవడం, గోరు, స్ప్రే, ఈ మూడే కారణాలయ్యే అవకాశం ఎక్కువ. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఈ చివరి రకంలా ఉంది. దానికి కావలసింది తడి.

పక్కు కింద కొత్త కణాలు అంచుల నుంచి మధ్యకి పాకుతూ వస్తాయి. తడి ఉంటే తేలిగ్గా పాకుతాయి. పొడిగా ఉంటే పక్కు గట్టిపడి ఆ కణాలకే అతుక్కుంటుంది, మీరు లాగినప్పుడు రాత్రంతా అల్లిన పొర దాంతోపాటే వచ్చేస్తుంది. మీ 3 వారాల కథంతా ఇదే.

తడికి అన్నిటికంటే మంచిది ఉప్పునీళ్లు. 0.9 శాతం సెలైన్ స్ప్రే ఖరీదైనదేమీ కాదు, రోజుకి నాలుగైదుసార్లు కొట్టుకోవచ్చు. వీలైతే బెంజాల్కోనియం అనే ప్రిజర్వేటివ్ లేనిది చూసుకోండి, అది కొందరికి మంట పెడుతుంది. సెలైన్ జెల్ దొరికితే ఇంకా నయం, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంట్లో చేసుకుంటే పావు లీటరు నీళ్లకి అర టీస్పూన్ కంటే కొంచెం తక్కువ, అయోడిన్ కలపని ఉప్పు. నీళ్లు తప్పకుండా మరగబెట్టి చల్లార్చాలి, ఏ రోజుకి ఆ రోజు చేసుకోవాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు, ఆర్వో నీళ్లయినా మరగబెట్టండి. కేరళలో 2024లో, 2025లో మెదడుని తినే అమీబా వార్తలు చూశారు కదా, అది తాగితే కాదు, ముక్కులోంచి వెళ్తుంది. అరుదే, కానీ మరగబెట్టడానికి పట్టేది 5 నిమిషాలు.

వాజలిన్ రాయొచ్చా అని అందరూ అడుగుతారు. రంధ్రం అంచు లోపల, పల్చగా, కొన్ని రోజులు అయితే రాయొచ్చు, పక్కు గట్టిపడకుండా ఉంచుతుంది. పడుకునే ముందు దండిగా పెట్టి, ఏళ్ల తరబడి అదే అలవాటు చేసుకోవడమే మంచిది కాదు. నిద్రలో కొవ్వు పదార్థం గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి కొద్దికొద్దిగా జారుతుంది, ఊపిరితిత్తులు దాన్ని అరిగించుకోలేవు. లిపాయిడ్ న్యుమోనియా అంటారు. అమ్మగారి నెయ్యికీ ఇదే లెక్క. వేలి కొనకి అంటినంత అంచుకి రాస్తే కొంప మునగదు, అమ్మతో గొడవ పెట్టుకోకండి. వెల్లకిలా పడుకుని నెయ్యో, కొబ్బరినూనో చుక్కలు చుక్కలుగా పోసుకోవడం మాత్రం వద్దు. నెలల పిల్లలకి స్నానం చేయిస్తూ ముక్కులో నూనె పోసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. చేసేది అమ్మమ్మలైనా సరే, చేయి పట్టుకుని ఆపాల్సిందే.

దూలం ఆపరేషన్ అయినవాళ్లు ఇది చదువుతుంటే, మీ లెక్క వేరు. మీ సర్జన్ చెప్పిన ఉప్పునీళ్ల కడుగుడు, ఆయింట్‌మెంట్ వాళ్లు చెప్పినట్టే చేయండి. వారాలపాటు పక్కులు రావడం మామూలే, వాటిని తీయడం డాక్టర్ పని.

ఎప్పుడు ఇంటి వైద్యం ఆపాలి? తడి పెట్టి, గోరు మానేసి, స్ప్రే ఆపి 10 రోజులైనా మార్పు లేకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. మీకు ఇప్పటికే 3 వారాలు కాబట్టి నన్నడిగితే ఈ వారమే ఒకసారి చూపించడం మేలు. మానని పుండు వెనక టీబీ ఉండొచ్చు, రక్తనాళాల జబ్బు ఉండొచ్చు, అరుదుగా కేన్సర్ కూడా. క్రోమ్ ప్లేటింగ్ పని చేసేవాళ్లలో ఆ ఆవిరికే దూలం చిల్లు పడుతుంది. వాటిలో ఏదీ ఆయింట్‌మెంట్‌తో పోదు. ముక్కు, బుగ్గ ఎర్రగా ఉబ్బి జ్వరం వచ్చినా, కన్ను వాచినా, తలనొప్పి తీవ్రమైనా అదే గంటలో హాస్పిటల్‌కి వెళ్లాలి. ముఖం మీది సిరలు కంటి వెనక సిరలతో కలుస్తాయి, ఇన్‌ఫెక్షన్ అటు పాకితే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ముక్కు మీద, ముక్కులో సెగ్గడ్డని పిసకొద్దని పెద్దవాళ్లు అనేది. ఇక షుగర్ ఉండి ముక్కులో నల్లటి పక్కు కనిపిస్తే మందుల షాపుకి రానే రావొద్దు. 2021 మేలో బ్లాక్ ఫంగస్ కేసుల కోసం కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్‌ని నోడల్ కేంద్రం చేసినప్పుడు చూశాం, ఒక్కో రోజు ఆలస్యానికి ఎంత మూల్యమో.

రక్తం ఎక్కువగా కారితే తల వెనక్కి వాల్చకండి. కూర్చుని ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, గడియారం చూస్తూ 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా ఉండండి. నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డ కట్టదు. అప్పటికీ ఆగకపోతే హాస్పిటల్‌కి.

మీ విషయానికి వస్తే ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. చుక్కలు, తామర క్రీమ్ పక్కన పడేయండి. ఆఫీసుకి సెలైన్ స్ప్రే తీసుకెళ్లి రెండు మూడు గంటలకోసారి కొట్టుకోండి. సీటు ఏసీ గాలికి ఎదురుగా ఉంటే మార్పించుకోండి. బైక్ మీద వచ్చేటప్పుడు మాస్క్ వేసుకోండి, దుమ్ము ఆగుతుంది, మీ ఊపిరి తేమ మీకే తిరిగొస్తుంది. పొద్దున్న పక్కు కనిపిస్తే సెలైన్ కొట్టి 10 నిమిషాలు ఆగండి. దానంతట అది ఊడితే సరే, ఊడకపోతే అలాగే ఉండనివ్వండి. వేళ్ల గోళ్లు ఈ రోజే కత్తిరించుకోండి. అలవాటుగా చేయి వెళ్లిపోతుంది, మనకి తెలియదు కూడా.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ తామర క్రీమ్, చుక్కల సీసా, స్ప్రే మూడూ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. నోటితో "ఏదో తెల్ల ట్యూబ్ సార్" అని చెప్తే ఎవరికీ ఏమీ తెలియదు. స్ప్రే ఏ చేత్తో కొట్టుకుంటున్నారో కూడా ఆయన ముందు ఒకసారి చేసి చూపించండి.